తెర మీద షహజాదా, వీధిలో మనం

సలీం అన్న పేరు మన ఇళ్ళలో సర్వసాధారణం. రెండు తరాల కిందట ఆ పేరుగల కుర్రవాడు బడిలో కాలు పెడితే, తోటి పిల్లలు "అనార్కలి ఏదిరా?" అని ఆటపట్టించేవారు. ఆ ఎగతాళిలో విషం ఉండేది కాదు. ఆ పిల్లల దృష్టిలో సలీం అంటే తండ్రి ఆజ్ఞను ధిక్కరించి ప్రేమ కోసం నిలిచిన రాకుమారుడు. నేడు అదే బడిలో, అదే బల్ల మీద కూర్చున్న మన బిడ్డ చెవిన వేరొక మాట పడుతోంది. అతణ్ణి ఔరంగజేబు సంతానమని పిలుస్తున్నారు. బిడ్డ మారలేదు, పేరు మారలేదు. చూసేవారి కన్ను మారింది. ఆ కంటికి ఈ కొత్త చూపును అలవరచడంలో రాజకీయ వేదికకు ఎంత పాత్ర ఉందో, వెండితెరకూ అంత పాత్ర ఉంది.

వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాలు, విచారణ లేకుండా చెరసాలల్లో మగ్గుతున్న యువకులు, ఇన్ని సమస్యలుండగా సంపాదకీయానికి సినిమాల్లోని రాకుమారులు తప్ప విషయం దొరకలేదా అని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అసలు సినిమా చూడటం తగునా కాదా అన్న చర్చ కూడా మన కుటుంబాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ చర్చను గౌరవిస్తూనే ఒక మాట మనవి చేస్తున్నాం. మనం చూసినా చూడకపోయినా మనల్ని తెర మీద చూపిస్తూనే ఉంటారు. మన వినతిపత్రం అందుకునే అధికారి, మనకు ఇల్లు అద్దెకివ్వాలా వద్దా అని ఆలోచించే యజమాని, మన పిల్లవాడికి ఉద్యోగమివ్వడానికి ముఖాముఖి జరిపే పెద్దమనిషి, వీరంతా ప్రేక్షకులే. ముస్లిం అనగానే వారి మనసులో మెదిలే బొమ్మ ఏదో, దాన్ని ఎవరు గీశారో తెలుసుకోవడం హక్కుల పోరాటంలో భాగమే.

ఆ బొమ్మల్లో అన్నిటికంటే చెక్కుచెదరనిది సలీందే. చరిత్రను బట్టి చూస్తే అతను ప్రేమకథా నాయకుడు కాడు. షహజాదా సలీం తండ్రి మీద తిరగబడి అలహాబాదులో కొలువుతీరిన మాట నిజం. ఆ తిరుగుబాటు సింహాసనం కోసం. 1602లో అక్బరు ఆప్తమిత్రుడు, చరిత్రకారుడు అబుల్ ఫజల్‌ను చంపించింది కూడా అతనే. 1605లో జహంగీరు పేరుతో పట్టాభిషిక్తుడై, తన జ్ఞాపకాలను స్వయంగా రాసుకున్నాడు. అందులో అనార్కలి ప్రస్తావన లేదు. లాహోరులో ఆమె పేరిట ఒక సమాధి ఉంది, ఆనాటి విదేశీ యాత్రికులు విన్న కథలున్నాయి. ఆ కథలకు నాటకరూపమిచ్చి ఇంటింటికీ చేర్చినవాడు ఉర్దూ రచయిత ఇమ్తియాజ్ అలీ తాజ్. 1922లో ఆయన రాసిన 'అనార్కలి' నాటకం నుంచే మన సినిమాల సలీం పుట్టాడు.

ఈ కల్పిత సలీంను తెలుగువారు తమ ఇంటి పిల్లవాడిగా స్వీకరించారు. 1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అంజలీ పిక్చర్స్ వారి 'అనార్కలి' వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు సలీం, ఎస్.వి. రంగారావు అక్బరు, అంజలీదేవి అనార్కలి. ఆదినారాయణరావు సంగీతంలోని ఆ పాటలు నేటికీ పెద్దల నోట పలుకుతున్నాయి. ఒక ముస్లిం రాకుమారుడి వేదనకు కోస్తా పల్లెల్లో, తెలంగాణ పట్టణాల్లో హిందూ తల్లులు కంటనీరు పెట్టారు. వారెవరూ సలీం మతమేమిటని ఆలోచించలేదు. కన్నకొడుకునే శిక్షించవలసి వచ్చిన తండ్రి, తండ్రిని గౌరవిస్తూనే ఎదిరించిన కొడుకు, వీరిద్దరి మధ్య నలిగిన తల్లి మాత్రమే వారికి కనిపించారు. అది ప్రతి ఇంటి కథ. రామారావు స్వీయ దర్శకత్వంలో అక్బరుగా నటించి, కుమారుడు బాలకృష్ణను సలీంగా నిలిపిన 'అక్బర్ సలీం అనార్కలి' 1970వ దశకం చివరలో వచ్చేనాటికి కూడా ఆ ఆదరభావం మన సినిమాను విడిచిపోలేదు. రాముడిగా, కృష్ణుడిగా ఆంధ్రుల పూజలందుకున్న నటుడు మొగలు చక్రవర్తి వేషం కడితే ఎవరి మనోభావాలూ గాయపడలేదు.

ఇక 1960లో విడుదలైన కె. ఆసిఫ్ 'మొఘల్ ఎ ఆజం' సంగతి చెప్పనక్కరలేదు. 2004లో రంగులద్దుకుని మళ్ళీ థియేటర్లకు వచ్చిన ఆ చిత్రం హిందూస్థానమే తన కథ తాను చెప్పుకుంటున్నట్టుగా మొదలవుతుంది. కృష్ణాష్టమి వేడుకలో చక్రవర్తి స్వయంగా ఊయల తాడు లాగుతాడు. యుద్ధంలో ఓడిన సలీంను మరణదండనకు నిలబెట్టినప్పుడు, ప్రేమకు జయం పలుకుతూ శిల్పి పాడే పాటకు జనమంతా గొంతు కలుపుతారు. ఆ దృశ్యంలో షహజాదా చేతిలో కత్తి లేదు, తలమీద కిరీటం లేదు. అయినా ప్రేక్షకుడి మనసులో అతను అప్పుడే నిజమైన రాకుమారుడయ్యాడు.

సలీం పాత్ర ఎందుకు గుర్తుండిపోయిందో ఇక్కడే గ్రహించాలి. అతను తప్పు చేస్తాడు. అహంకరిస్తాడు. తొందరపడి ప్రియురాలిని అనుమానిస్తాడు. ఓడిపోతాడు, క్షమను పొందుతాడు. అంటే మనిషికి ఉండే లక్షణాలన్నీ అతనికి ఉన్నాయి. అతని తప్పులకు అతని మతాన్ని బాధ్యత వహించమని రచయిత కోరలేదు, అతని మంచితనాన్ని మతానికి మినహాయింపుగానూ చూపలేదు. నేడు మనం తెరను అడుగుతున్నది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. మా పాత్రలను దేవతలుగా చూపమని అడగడం లేదు. సలీంకు దక్కిన ఆ మనిషితనాన్ని మా పిల్లలకు కూడా మిగల్చమని అడుగుతున్నాం.

ఆ స్వర్ణయుగాన్ని తలచుకుని మురిసిపోతే మాత్రం చాలదు. ఆ రోజుల్లోనే మొదలైన లోపాలను కూడా చెప్పుకోవాలి. 'మొఘల్ ఎ ఆజం'లో సలీంగా నటించిన దిలీప్ కుమార్ అసలు పేరు మహమ్మద్ యూసుఫ్ ఖాన్. అనార్కలిగా నటించిన మధుబాల పుట్టుపేరు ముంతాజ్ జహాన్. తెర మీద ముస్లిం రాకుమారుడిని ప్రేమించడానికి సిద్ధపడ్డ సమాజంలో, ఆ పాత్ర ధరించిన నటులు మాత్రం ముస్లిం పేరుతో నిలబడలేకపోయారు. అంటే ఆదరణకు అప్పటికే ఒక హద్దు ఉంది. కథలోని ముస్లిం ముద్దు, పక్కనున్న ముస్లిం పేరు మాత్రం బరువు.

కథల్లో కూడా ఇదే జరిగింది. గులేబకావళి పువ్వు కోసం బయలుదేరిన రాకుమారుడి గాథ మొదట పారశీకంలో, తరువాత ఉర్దూలో వెలసింది. 1803లో నిహాల్‌చంద్ లాహోరీ దాన్ని ఉర్దూ వచనంలో రాస్తే, 1838లో దయాశంకర్ నసీం మస్నవీగా మలిచాడు. ఒక ముస్లిం కథకు హిందూ కవులు ఇంత వన్నె తెచ్చారంటే, ఆనాటి సాహిత్యంలో మతాల మధ్య గోడలు ఎంత పలుచనో తెలుస్తుంది. ఆ కథానాయకుడి పేరు తాజుల్ ములూక్. 1962లో రామారావు నటించిన 'గులేబకావళి కథ' తెలుగునాట ఘనవిజయం సాధించింది, సి. నారాయణరెడ్డి సినీగీత రచనకు శ్రీకారం చుట్టింది కూడా అక్కడే. కాని తాజుల్ ములూక్ ఆ చిత్రంలో హిందూ రాకుమారుడిగా మారిపోయాడు. ఇందులో దురుద్దేశం ఉందని మేము అనడం లేదు. కథలు ఊరు దాటినప్పుడు పేర్లు మార్చుకోవడం లోకసహజం. అయితే ఫలితం మాత్రం ఒకటుంది. మన అమ్మమ్మల నోట పుట్టిన సాహస రాకుమారుడు తెలుగు ప్రేక్షకుడికి మనవాడిగా తెలియకుండా పోయాడు. ప్రేమించే షహజాదా మన పేరుతో మిగిలాడు. సాహసించే షహజాదా, పేదలను ఆదుకునే షహజాదా వేరే పేరుతో వెళ్ళిపోయాడు.

పడమటి దేశాల తెరమీద కూడా మన రాకుమారుల పరిస్థితి గొప్పగా ఏమీ లేదు. 1962 నాటి 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో అరబ్బుల నాయకుడు షహజాదా ఫైసల్‌గా ఇంగ్లీషు నటుడు అలెక్ గిన్నిస్ ముఖానికి రంగు పూసుకుని నటించాడు. ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్ షరీఫ్ అలీ పాత్రలో లోకాన్ని మెప్పించిన మాట నిజమే అయినా, అరబ్బుల స్వాతంత్ర్యకథకు నాయకుడు మాత్రం ఇంగ్లీషువాడే. 1992లో వచ్చిన డిస్నీ 'అల్లాదీన్'లో పేదపిల్లవాడు అలీ అనే రాకుమారుడి వేషం కడతాడు. పిల్లలు కేరింతలు కొట్టే పాత్ర అది. కాని ఆ చిత్రం తొలి పాటలోనే అరబ్బుల దేశాన్ని చెవులు కోసే అనాగరిక దేశంగా వర్ణించారు. అమెరికాలోని అరబ్బు సంఘాలు నిరసన తెలిపాక, 1993లో ఇళ్ళలో చూసుకునే క్యాసెట్టులో ఆ మాటలు మార్చారు. నాయకుడు, నాయిక అచ్చమైన అమెరికన్ యాసలో మాట్లాడితే, దుష్టులకు మాత్రం అరబ్బు యాస పెట్టారన్న విమర్శకు నేటికీ సరైన సమాధానం లేదు. అమెరికన్ పండితుడు జాక్ షాహీన్ తొమ్మిది వందలకు పైగా హాలీవుడ్ చిత్రాలను పరిశీలించి, అరబ్బులను ఎంత నీచంగా చూపుతున్నారో 2001లో ఒక గ్రంథమే రాశాడు. ఒక పాటలో ఒక పాదం మారడానికి కూడా చదువుకున్నవారు కూర్చుని, చూసి, రాసి, అడగవలసి వచ్చింది. ఈ పాఠం మనకు పనికివస్తుంది.

ఇప్పుడు మన దేశానికి తిరిగి వద్దాం. గత పదేళ్ళలో తెరమీది ముస్లిం రాజు రూపమే మారిపోయింది. 2018లో వచ్చిన 'పద్మావత్'లో అల్లావుద్దీన్ ఖిల్జీని పచ్చిమాంసం పీక్కుతినే మృగంగా చూపారు. ఆ కథకు మూలమైన కావ్యాన్ని 1540లో అవధీ భాషలో రాసినవాడు సూఫీ కవి మలిక్ ముహమ్మద్ జాయసీ అన్న సంగతి ఎంతమంది ప్రేక్షకులకు తెలుసు? రాజపుత్ర రాణి శీలాన్ని, త్యాగాన్ని మొదట కీర్తించింది ఒక ముస్లిం కవి కలం. ఆ కలం తెరచాటున ఉండిపోయింది, మృగం మాత్రం తెరమీదికి వచ్చింది.

2025 ఫిబ్రవరిలో విడుదలై, మరుసటి నెల తెలుగులోకి కూడా అనువాదమై వచ్చిన 'ఛావా' మరో మెట్టు. 1689లో శంభాజీ మహారాజును చిత్రహింసలు పెట్టి చంపించిన ఔరంగజేబు క్రౌర్యం చరిత్రకెక్కిన విషయం. దాన్ని కప్పిపుచ్చవలసిన అవసరం మనకు లేదు. ఆ పాదుషా మన బంధువూ కాడు, మన మార్గదర్శీ కాడు. కన్నతండ్రిని చెరలో పెట్టి, అన్న దారాషికోను 1659లో చంపించి, 1687లో మన గోల్కొండను, అంటే మరో ముస్లిం రాజ్యాన్ని, నేలమట్టం చేసినవాడు. అతని క్రౌర్యం మతం చూసి ఆగలేదు. మన అభ్యంతరం చిత్రం ఏమి చూపిందన్న దాని మీద కాదు, ఏమి మరుగునపడిందన్న దాని మీద.

ఆ కథలోనే ఒక షహజాదా ఉన్నాడు. ఔరంగజేబు కన్నకొడుకు, అతని పేరు అక్బరు. 1681లో తండ్రిమీద తిరుగుబాటు చేసి, రాజపుత్ర వీరుడు దుర్గాదాస్ రాథోడ్ తోడుగా దక్కనుకు వచ్చి, శంభాజీ శరణు కోరాడు. శంభాజీ ఆశ్రయమిచ్చాడు. ఆ రాకుమారుని పిల్లలు రాజపుత్రుల సంరక్షణలో పెరిగారు. వారిలో ఆడపిల్లకు ఖురాన్ చదువు చెప్పించే ఏర్పాటు దుర్గాదాసే చేశాడని నాటి చరిత్రకారులు రాశారు. చివరకు అక్బరు పారశీకం చేరి, తన గడ్డను మళ్ళీ చూడకుండానే కన్నుమూశాడు. 'ఛావా'లో ఈ పాత్ర కనిపించకపోలేదు. కాని థియేటరు నుంచి బయటికి వచ్చిన ప్రేక్షకుడి మనసులో మిగిలింది తండ్రి ముఖం, కొడుకు ముఖం కాదు. ఒక మొగలు రాకుమారుడు, ఒక మరాఠా రాజు, ఒక రాథోడ్ సేనాని ఒకే పక్షాన నిలిచిన ఈ ఘట్టం కంటే నాటకీయమైనది ఏ కథకుడికి దొరుకుతుంది? ఆ ఘట్టాన్ని గుండెకు హత్తుకునేలా చెప్పి ఉంటే, ఆ యుద్ధం మతానిదా, సింహాసనానిదా అన్న ప్రశ్న ప్రేక్షకుడిలో తలెత్తేది. ఆ ప్రశ్న తలెత్తలేదు. మార్చి 17న నాగపూర్‌లో, ఔరంగజేబు సమాధిని తొలగించాలన్న ఆందోళన తరువాత అల్లర్లు చెలరేగాయి. వాటి గురించి మాట్లాడుతూ ఆ రాష్ట్ర ముఖ్యమంత్రే శాసనసభలో ఈ చిత్రాన్ని ప్రస్తావించారు. మూడు శతాబ్దాల కిందట చనిపోయిన పాదుషాకు ఇవేవీ తగలవు. కిటికీ అద్దాలు పగిలేది, దుకాణాలు మూతపడేది, పోలీసు వాహనాల్లోకి ఎక్కించేది బతికున్నవారిని.

ఇంతవరకు చెప్పింది ఇతరులు మన గురించి గీసిన బొమ్మ. ఇప్పుడు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. మంచి షహజాదా అయినా, చెడ్డ షహజాదా అయినా, తెరమీది ముస్లిం ఎప్పుడూ రాజభవనంలోనే ఉన్నాడు. ఆ భవనం నీడలో అసలు ముస్లిం కనుమరుగయ్యాడు. మనం కూడా ఆ నీడను చూసి కొంత మురిసిపోయాం. "ఒకనాడు ఈ దేశాన్ని ఏలినవాళ్ళం" అన్న మాట మన సభల్లో ఎన్నిసార్లు చప్పట్లు కొట్టించిందో గుర్తు చేసుకోండి. ఆ మాటనే మన ప్రత్యర్థులు అందుకున్నారు. ఏలినవారి వారసులకు రిజర్వేషన్ ఎందుకని అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు చట్టమే సమాధానం చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చేసిన చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ విభాగం కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. ఆ జాబితాలో ఎవరున్నారో ఒకసారి చదవండి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, పాములాడించే గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజాములు, లబ్బీలు, ఖురేషీలు, షేకులు, సిద్దీలు, రాళ్ళు కొట్టే తురక కాశలు. దూది ఏకే దూదేకులవారు అంతకుముందునుంచే బి.సి.-బి లో ఉన్నారు. సయ్యదులను, మొగలులను, పఠాన్లను ఆ చట్టమే పేరు పెట్టి మినహాయించింది. ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకున్నవాడు, రాయి కొట్టి చేతులు కాయలు కాయించుకున్నవాడు ఏ సింహాసనానికి వారసుడు? షహజాదాల కాలంలో కూడా వీరి పూర్వికులు కోట గోడకు రాళ్ళు మోసినవారే, కోటలోపల కూర్చున్నవారు కారు.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ సంగతినే అంకెల్లో చెప్పింది. 2001 జనగణన ప్రకారం జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 65.1. ఐ.ఏ.ఎస్.లో మనవారు 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. వీటిని గురించి ఏ చిత్రమైనా వచ్చిందా? ఐ.ఏ.ఎస్. పరీక్షకు చదివే దర్జీ కూతురి కథ, సైకిలు మరమ్మతు చేస్తూ తమ్ముళ్ళను చదివించే అన్న కథ తెరమీదికి రావడానికి కోట సెట్టింగులు అక్కరలేదు, గుర్రాలు అక్కరలేదు. కావలసింది చూసే కన్ను.

రాజవంశ గర్వం మన ధర్మానికి కూడా విరుద్ధమే. దైవప్రవక్త (స) తమ అంతిమ హజ్ ప్రసంగంలో అరబ్బుకు అరబ్బేతరునిపై, తెల్లవానికి నల్లవానిపై ఏ ఆధిక్యమూ లేదని, దైవభీతి ఒక్కటే గొప్పదనానికి కొలమానమని చాటారు. ఆ ప్రసంగాన్ని ప్రతి జుమాకు తలచుకునే మనం, సినిమా కిరీటాన్ని చూసి పొంగిపోవడం తగదు. సినిమా రాక్షసుణ్ణి చూసి సిగ్గుతో తలదించుకోవడమూ తగదు.

అలాగని రాకుమారుల కథలన్నిటినీ వదులుకోవాలని మా ఉద్దేశం కాదు. సినిమా జ్ఞాపకంలో చోటు దొరకని షహజాదాలు ఎందరో ఉన్నారు. ఉపనిషత్తులను పారశీకంలోకి అనువదింపజేసి 1657లో 'సిర్రె అక్బర్' పేరిట లోకానికిచ్చిన దారాషికో ఉన్నాడు. అతని కాలాన్ని గురించి 2018లో ఘనంగా ప్రకటించిన 'తఖ్త్' అనే హిందీ చిత్రం తెరకెక్కనే లేదు. 1792లో శ్రీరంగపట్నం సంధి షరతుగా ఇంగ్లీషువారి చేతికి బందీలుగా అప్పగించబడ్డ టిప్పు సుల్తాను చిన్నారి కొడుకులు అబ్దుల్ ఖాలిఖ్, ముయిజుద్దీన్ ఉన్నారు. ఆ పసివాళ్ళ చిత్రాలను ఇంగ్లీషు చిత్రకారులు తమ విజయానికి గుర్తుగా గీసుకున్నారు, మన కెమెరా మాత్రం వారివైపు తిరగలేదు. 1857 సెప్టెంబరులో ఢిల్లీలో హడ్సన్ అనే సైనికాధికారి తన చేతులతో కాల్చి చంపిన మీర్జా మొగల్, మీర్జా ఖిజర్ సుల్తాన్, మీర్జా అబూబకర్ ఉన్నారు. దేశం కోసం ప్రాణాలు పోగొట్టుకున్న మొగలు రాకుమారులు కూడా ఉన్నారని మన పిల్లలకు ఎవరు చెప్పాలి?

అంతదూరం పోనక్కరలేదు. మన గోల్కొండలోనే ఒక రాకుమారుడు ఉన్నాడు. 1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురికాగా, అన్న జంషీద్ బారినుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయిన ఇబ్రహీం విజయనగరం చేరాడు. అళియ రామరాయలు అతణ్ణి ఆదరించాడు. ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు. తెలుగు నేర్చాడు, తెలుగు కవిత్వపు రుచి మరిగాడు. 1550లో గోల్కొండ గద్దెనెక్కాక అద్దంకి గంగాధర కవి నుంచి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితం పుచ్చుకున్నాడు. అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్ర'ను అతని కొలువులోని అమీన్‌ఖాన్ అంకితం పొందాడు. తెలుగు కవులు ఇబ్రహీంను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అదే ఇబ్రహీం 1565లో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలకు వ్యతిరేకంగా దక్కను సుల్తానుల పక్షాన నిలిచాడు. కృతజ్ఞతకు, రాజనీతికి మధ్య అతని గుండె ఎంత నలిగిందో ఊహించండి. సలీం కథకు ఏమాత్రం తీసిపోని కథ ఇది. పైగా ఇందులో అధికభాగం నిజం, అంతా మన నేలమీద జరిగింది. తెలుగు సినిమాకు వందల కోట్లున్నాయి, మల్కిభరాముడి మీద మాత్రం దృష్టి పడలేదు.

మరి మనం చేయవలసిందేమిటి? నచ్చని చిత్రాన్ని నిషేధించమని వీధుల్లో కేకలు వేయడం వల్ల ఆ చిత్రానికి ఉచిత ప్రచారం, మన యువకులకు కేసులు తప్ప ఒరిగేదేమీ లేదు. పద్ధతిగా చేయగల పనులున్నాయి. సినిమాటోగ్రాఫ్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం ఏ మతవర్గాన్నయినా కించపరిచే దృశ్యాలను, మాటలను అనుమతించరాదు. అలాంటివి కనిపించినప్పుడు ఆవేశపూరితమైన ప్రకటనకు బదులు, ఏ దృశ్యం, ఏ మాట, ఏ చారిత్రక ఆధారానికి విరుద్ధమో వివరంగా రాసి సెన్సారు బోర్డుకు, నిర్మాతకు పంపాలి. 'అల్లాదీన్' విషయంలో అమెరికా అరబ్బులు సాధించిన చిన్న విజయం అలాంటి ఓపిక వల్లనే వచ్చింది. మన న్యాయవాదులు, చరిత్ర అధ్యాపకులు కలిసి ప్రతి జిల్లాలో ఇలాంటి చిన్న బృందంగా ఏర్పడవచ్చు.

రెండవది ఇంటి పని. చారిత్రక చిత్రం చూసివచ్చిన పిల్లలతో ఆ రాత్రే మాట్లాడండి. ఇందులో ఏది చరిత్ర, ఏది కల్పన, ఏది దాచారు అని అడగండి. సలీం కల్పితుడని, షహజాదా అక్బరు నిజమని, మల్కిభరాముడు మనవాడని చెప్పండి. పెద్దలకు తెలియకపోతే పిల్లలతో కలిసి గ్రంథాలయానికి వెళ్ళి తెలుసుకోండి. బడిలో ఎవరైనా ఔరంగజేబు సంతానమని పిలిచినప్పుడు పిడికిలి బిగించకుండా, కన్నీరు పెట్టకుండా, నెమ్మదిగా బదులు చెప్పగల బిడ్డను తయారుచేయడం ఏ ధర్నాకూ తీసిపోని పని.

మూడవది రాయడం. ఉర్దూలోనే కాదు, తెలుగులో రాయాలి. మన దూదేకుల ఇంటి కథ, అత్తరు సాయిబు నడిచిన ఊళ్ళ కథ, బీడీలు చుట్టి కూతుర్ని చదివించిన తల్లి కథ తెలుగులో ఉన్నప్పుడే రేపటి దర్శకుడి చేతికి అందుతుంది. తెలుగు ముస్లిం కవులు, కథకులు మూడు దశాబ్దాలుగా ఈ దారిలో నడుస్తున్నారు. వారి పుస్తకాలు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో అల్మారా తెరిచి చూసుకుందాం.

సలీంను ప్రేమించిన తెలుగు ప్రేక్షకుడు ఇంకా బతికే ఉన్నాడని మా నమ్మకం. 1955లో సలీం కోసం కంటతడి పెట్టిన ఆ తల్లుల మనవలే నేడు థియేటర్లలో కూర్చుంటున్నారు. వారి మనసులో ద్వేషం పుట్టుకతో వచ్చింది కాదు, ఒక్కొక్క దృశ్యంగా నింపబడింది. నింపినదాన్ని తొలగించడానికి కూడా అంతే ఓపిక కావాలి. ఆ పని మొదలుపెట్టవలసింది మనమే. రేపు మన వీధి బడిలో హాజరు పిలిచే మాస్టారు "సలీం" అన్నప్పుడు, లేచి నిలబడే పిల్లవాడు తోటివారి కంటికి షహజాదాగానూ, శత్రువుగానూ కనిపించకూడదు. పక్క బల్లమీది స్నేహితుడిగా, లెక్కలు బాగా చేసే సలీంగా కనిపించాలి. ఈ పత్రిక అడుగుతున్న హక్కు అదే.